అక్క చేతిలో అంకెల బోర్డు

మా చెల్లెల్ని ఇంట్లో అందరూ బుడుంగు అంటారు. ఆరేళ్లప్పుడు ఈతకొలనులోకి మొదటిసారి దూకి, సరిగ్గా ఆ చప్పుడుతోనే మునిగిపోయింది. ఆ తర్వాత ఈతలో నన్ను దాటిపోవడానికి దానికి రెండేళ్లు కూడా పట్టలేదు. కుళ్లుకున్నాను, దాచడమెందుకు?

ఇప్పుడు దానికి ఇరవై తొమ్మిది. పదిహేను వందల మీటర్ల ఫ్రీస్టయిల్ పదకొండు దేశాల్లో ఈదింది. అంటే కొలనులో ముప్ఫై ల్యాపులు, గట్టు నుంచి గట్టుకి ఒకటి చొప్పున. తల నీళ్లలో పెట్టి ఈదేవాళ్లకి లెక్క ఇట్టే తప్పిపోతుంది. అందుకని అవతలి గట్టు మీద ఒకరు కూర్చుని, వాళ్లు మలుపు తిరగడానికి వచ్చినప్పుడల్లా ఇంకా ఎన్ని మిగిలాయో అంకెల బోర్డు నీళ్లలోకి దించి చూపిస్తారు. ఆ గట్టుకి రెండు ల్యాపులకోసారి వస్తారు కాబట్టి అన్నీ బేసి అంకెలే. విదేశాల పోటీల్లో ఆ పని అధికారులే చేస్తారు. మా ఎంపిక పోటీల్లో ఎవరి మనిషిని వాళ్లే తెచ్చుకోవాలి. దాని మనిషిని నేను.

నాలుగేళ్ల కిందట ఒలింపిక్స్ ఎంపికలో ఒక అంకె మింగేశాను. మూడు మిగిలుండగా ఒకటి చూపించాను. అది ప్రాణం పెట్టి ఈది, గోడ తాకి తలెత్తింది. పక్క లేన్లలో వాళ్లు ఈదుతూనే ఉన్నారు. కోచ్ గారు అరిచాక మళ్లీ మొదలుపెట్టింది గానీ అప్పటికి చేతుల్లో సత్తువ లేదు. రెండు సెకన్ల తేడాతో అవకాశం పోయింది.

"నేనే లెక్క తప్పాను," అని అందరికీ చెప్పింది. ఇంటికొచ్చి నాతోనూ అదే అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

మళ్లీ బోర్డు ముట్టుకోలేదు నేను. ఈ నెల మళ్లీ ఎంపిక వచ్చింది. దాని భుజం అరిగిపోయింది, ఇదే ఆఖరు అన్నాడు డాక్టరు. పోటీకి ముందురోజు బుడుంగు బోర్డు తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"నావల్ల కాదు. కోచ్ గారి భార్య ఉందిగా, లెక్కల టీచరు."

"ఆవిడొద్దు. నువ్వే."

"ఒకసారి చేతులు కాలింది చాలదా?"

"కాలింది నా చేతులైతే నువ్వెందుకే ఊదుకుంటావు?" అనేసి వెళ్లిపోయింది. మాటకి మాట దాని నాలుక చివరే ఉంటుంది.

మర్నాడు గట్టు మీద మోకాళ్లేసి కూర్చున్నాను. ఇరవై తొమ్మిది, ఇరవై ఏడు, ఇరవై అయిదు... చూపించడం, తర్వాతి అంకె ఉన్న రేకు తిప్పడం. అన్నీ సవ్యంగానే నడిచాయి. అందరికన్నా అదే ముందుంది. ఏడు చూపించాక బోర్డు మీద అయిదు కనిపించింది. ఇప్పుడు తిప్పిన రేకేనా ఇది? లేక అయిదు కూడా చూపించేశానా?

పక్క లేన్లో బోర్డు పట్టుకున్నది పోటీ అమ్మాయి తల్లి. ఆవిడ ముందు చులకనైపోతానని ఒక్క క్షణం తటపటాయించాను. బుడుంగు వచ్చేస్తోంది.

"అమ్మా, ఇప్పుడెంత?" అని అరిచాను.

"అయిదు," అందావిడ, నీళ్ల మీంచి చూపు తిప్పకుండానే.

అయిదు దించాను. తర్వాత మూడు, ఆ తర్వాత ఒకటి. అర్హతకి కావలసిన సమయానికి సెకను ముందే గోడ తాకింది.

గట్టు చుట్టూ పరుగెత్తుకెళ్లాను. తాడు పట్టుకుని వేలాడుతూ రొప్పుతోంది. నాలుగేళ్లుగా కడుపులో దాచుకున్న మాట అక్కడే కక్కేశాను.

"అప్పుడు కూడా అనుమానమొచ్చిందే. పక్కవాళ్లని అడిగితే పరువు పోతుందని అడగలేదు."

"పోనీలే అక్కా."

"పోనీలే ఏంటి? నువ్వయినా లోపల లెక్కపెట్టుకోవచ్చుగా!"

"వేరేవాళ్లు పట్టుకుంటే పెట్టుకుంటాను. అదో చాకిరీ. నువ్వుంటే ఆ గొడవ లేదు, ఈదుకుంటూ పోవడమే."

"అంత జరిగాక కూడానా? ఇవాళ ఎన్ని లెక్కపెట్టావు?"

"ఒక్కటీ లేదు," అంది ముక్కు చీదుకుంటూ.

నోటికొచ్చినట్టు తిట్టాను దాన్ని, ఏడుస్తూనే.