కాలు తగిలితే

బరువు చూసే గది ముందు క్యూలో నిలబడి నేను ఆలోచిస్తున్నది బాక్సింగ్ గురించి కాదు, అల్లప్పచ్చడి వేసిన పెసరట్టు గురించి. నాలుగు రోజులుగా సరైన తిండి లేదు. నిన్నటి నుంచి నీళ్ళు కూడా గొంతు తడుపుకోవడానికే. యాభై నాలుగు కిలోల విభాగంలో ఆడాలంటే ఈ వయసులో ఒంటిని ఇలా ఎండబెట్టక తప్పదు. పందొమ్మిదేళ్ళప్పుడు ఆ బరువు దానంతటదే ఉండేది. ఇప్పుడు నాకు ఇరవై తొమ్మిది. అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయించినట్టు ఒక్కో కిలోనూ బతిమాలి పంపించాలి.

వెనక నిలబడిన పిల్ల కాలు నా మడమకు తగిలింది. వెంటనే నా భుజం మీద ఒక చెయ్యి మెత్తగా ఆనింది. తిరిగి చూసేసరికి ఆ చేతిని కళ్ళకద్దుకుంటోంది.

"ఏమనుకోకండక్కా, చూసుకోలేదు" అంది.

దుర్గాశ్రీ. తుని దగ్గర ఏదో పల్లెటూరు, వ్యవసాయం చేసుకునే ఇంటి పిల్ల, ఎడమచేతి వాటం. సాయంత్రం రాష్ట్ర పోటీల ఫైనల్లో నేను కొట్టవలసింది ఈ పిల్లనే. ఫరవాలేదన్నాను. పోయినేడాది నా ఆటల వీడియోలన్నీ చూసి నేర్చుకున్నానని చెప్పింది. మెప్పో, హెచ్చరికో తేల్చుకునే ఓపిక లేక నవ్వి ఊరుకున్నాను.

గోడకానుకుని ఉన్న మా మాస్టారు అబ్బులు గారు ఇదంతా చూశారు. చూసి, తల గోక్కుని, ఏమీ అనకుండా బయటికి వెళ్ళిపోయారు. ఆయన తిడుతుంటే నాకు ధైర్యం. ఏమీ అనకపోతేనే ఏదో ఆలోచిస్తున్నారని భయం.

నా పేరు కౌముది. మాది అంబాజీపేట దగ్గర, నాన్నది పౌరోహిత్యం. కాకినాడ కాలేజీలో చదివేటప్పుడు హాస్టలు తిండికి విసుగెత్తి సాయంత్రాలు ఎక్కడికో ఒక చోటికి పోవాలని బాక్సింగ్‌కి వెళ్ళాను. గుడ్డే తినని ఇంట్లో పుట్టి గుద్దులు తినడమేమిటని మా మేనత్త ఇప్పటికీ అంటుంది. ఆ గుద్దులైనా కలిసొచ్చాయా అంటే, రాష్ట్ర పోటీల్లో నాకెప్పుడూ రెండో స్థానమే. నేను వ్యాయామం నేర్పే ప్రైవేటు స్కూల్లో తోటి టీచర్లు నన్ను వెండి టీచరంటారు, నాకు వినపడదనుకుని. జాతీయ పోటీలకు వెళ్ళేది మొదటి స్థానం వాళ్ళే. ఈసారి సెలవు ఇస్తూ మా హెడ్‌మిస్ట్రెస్ ఇదే ఆఖరని చెప్పారు. నేను వాదించలేదు. నా మోకాలు ఆవిడకంటే ముందే ఆ మాట అంది. ఒక్కసారి, ఆట మానేలోపు ఒకే ఒక్కసారి, ఫైనల్లో రిఫరీ నా చెయ్యి ఎత్తాలి. ఇంకేమీ వద్దు నాకు.

పోయినేడాది ఆ చెయ్యి దాదాపు లేచింది. పేపర్లో విశాఖ అమ్మాయి గెలిచిందని రాశారు గానీ నిజానికి నన్ను ఓడించింది మా బామ్మ మాణిక్యాంబ. కాలు తగిలితే దణ్ణం పెట్టుకోవాలని ఆవిడ నాకు మాటలు రాకముందే నేర్పింది. మనిషికి తగిలినా, పుస్తకానికి తగిలినా, చివరికి చీపురుకి తగిలినా ఒకటే, చేత్తో తాకి కళ్ళకద్దుకోవాలి. ఆ ఫైనల్ మూడో రౌండులో విశాఖ అమ్మాయి పాదం నా పాదం కింద నలిగింది. మొహానికి గార్డుగా ఉండవలసిన నా చెయ్యి నన్నడక్కుండానే ఆ అమ్మాయి భుజం తాకి కళ్ళవైపు వచ్చింది. తర్వాత నాకు గుర్తున్నది రిఫరీ నా మొహం ముందు వేళ్ళు చూపిస్తూ అంకెలు లెక్కపెట్టడం.

రైల్లో తిరిగొస్తుంటే సామర్లకోట స్టేషన్లో మాస్టారు టీ చేతికిచ్చి అన్నారు.

"దణ్ణం పెడితే పెట్టావు. గార్డు దించి పెట్టావేంటమ్మా?"

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

మర్నాటి నుంచి ప్రాక్టీసులో ఆయన తన పాదాన్ని నా పాదం కిందికి తొయ్యడం మొదలుపెట్టారు. కాకినాడ హార్బరులో పడవల మీద పెరిగిన మనిషి, ఆ పాదం చెక్కలా ఉంటుంది. తొక్కినప్పుడల్లా నా చెయ్యి లేచేది. లేచినప్పుడల్లా ప్యాడుతో చెవి మీద ఒకటి పడేది. వేసవంతా చెవులు ఎర్రగానే ఉన్నాయి. వానలు మొదలయ్యాక ఒకరోజు ఆయన పాదం నలిగినా నా చెయ్యి గడ్డం దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు నువ్వు బాక్సర్‌వి అన్నారు మాస్టారు.

ఆ ఆదివారం ఇంటికి వెళితే, చాప మీద పడుకున్న బామ్మ కాలికి కాలు తగిలించి చక్కా వంటింట్లోకి వెళ్ళిపోయానట. వెనక నుంచి పిలిచి కాలు తగిలిందని చెప్పింది. తిరిగొచ్చి కళ్ళకద్దుకున్నాను.

"అడిగించుకుని పెట్టేది దణ్ణమేంటే" అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

బరువు చూసిన రోజు సాయంత్రం కాకినాడ ఇండోర్ స్టేడియంలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి మాత్రం రావడం లేదు. మా ఆట వచ్చేసరికి జనం సగం మంది టిఫిన్లకు వెళ్ళారు.

బాక్సింగ్‌లో ఎక్కువ కొట్టినవాళ్ళు గెలుస్తారని చాలామంది అనుకుంటారు. కొట్టినట్టు కనబడినవాళ్ళు గెలుస్తారు. రింగ్ చుట్టూ అయిదుగురు జడ్జీలు కూర్చుంటారు. ఒక్కో రౌండుకీ ఎవరికి వాళ్ళే మార్కులు వేస్తారు, గెలిచినవాళ్ళకి పది, ఓడినవాళ్ళకి మామూలుగా తొమ్మిది. పిడికిలి ముందు భాగం శుభ్రంగా మొహానికో పొట్టకో తగిలితేనే లెక్క. చేతుల మీద పడినవీ, రాసుకుపోయినవీ మన ఒంటికి నొప్పి తప్ప మార్కు తీసుకురావు. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళలా ఆ అయిదుగురి మొహాల్లో ఏమీ కనబడదు. మూడు రౌండ్లయ్యాక వాళ్ళలో ముగ్గురికి మనం నచ్చాలి.

పైగా ఎడమచేతి వాటం వాళ్ళతో ఆడితే ఇద్దరి ముందు పాదాలూ ఎదురెదురుగా వచ్చి కూర్చుంటాయి. వాళ్ళది కుడిపాదం, మనది ఎడమపాదం. ఎవరి పాదం బయటివైపు ఉంటే వాళ్ళ బలమైన చెయ్యి తిన్నగా లోపలికి పోతుంది. అందుకని చూసేవాళ్ళు చేతులు చూస్తారు, ఆడేవాళ్ళం పాదాల కోసం కొట్టుకుంటాం.

మొదటి రౌండులో ఆ పిల్ల నన్ను ఆడించింది. నా పాదం బయటికి వెళ్ళేలోపు తన పాదం ఇంకా బయటికి వెళ్ళేది. నేను అక్కడికి చేరేసరికి అక్కడ ఉండేది కాదు. ఎడమచెయ్యి రెండుసార్లు తిన్నగా నా ముక్కు మీద దిగింది, ఆ చప్పుడు నాకే శుభ్రంగా వినిపించింది. అయిదుగురిలో నలుగురు ఆమెకే వేశారు. రెండో రౌండులో వెంటపడడం మానేశాను. తాళ్ళవైపు నెమ్మదిగా నెట్టుకుంటూ, దగ్గరికి జరిగి, పొట్టలో కొట్టి, ఆట వేగం తగ్గించాను. ముసలి ఎద్దుకి పరుగు రాకపోయినా నాగలి చాలు తెలుసు. ముగ్గురు నాకు వేశారు. ఆ రౌండు చివర మా పాదాలు ఒక్కసారి రాసుకున్నాయి. ఆమె కుడి గ్లౌజు కొంచెం కదిలి ఆగిపోయింది. నేను చూశాను.

మాస్టారు కూడా చూశారు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, మెడ మీద నీళ్ళు పోస్తూ, తెర మీది మార్కులు చూసి లెక్క చెప్పారు. ఒక జడ్జి నావైపు ఉన్నాడు, ఇద్దరు ఆమెవైపు. మిగిలిన ఇద్దరి దగ్గర ఇద్దరమూ సమానం. ఈ రౌండు ఆ ఇద్దరికీ కనబడేలా గెలిస్తే బంగారం నాది. ఒక్కడు అటు జారినా నాది కాదు.

నాకు ఓపిక లేదని చెప్పాను. అది నిజం. భుజాలు నావి కానట్టున్నాయి.

"ఓపిక అక్కర్లేదమ్మా" అన్నారు ఆయన, చెవి దగ్గర, చాలా మామూలుగా. "ఆ పిల్ల పాదం కింద నీ పాదం పెట్టు. చెయ్యి దానంతటదే వస్తుంది. కళ్ళ దాకా పోనియ్యి. అప్పుడు నీ కుడిచెయ్యి."

"దణ్ణం పెడుతుంటే కొట్టమంటారా మాస్టారూ?"

"తొక్కితే తప్పు. తొక్కించుకుంటే తప్పని రూల్సులో ఎక్కడా లేదు." నా నోట్లో మౌత్‌గార్డు పెడుతూ ఒక్క క్షణం ఆగారు. "పోయినేడాది నీ కోసం ఎవరైనా ఆగారా? అయినా నీ ఇష్టం."

నా ఇష్టమని వదిలేశారు చూడండి, దానికి నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే. కొట్టి తీరమంటే కనీసం తప్పు ఆయన మీదికి తోసేసేదాన్ని.

మూడో రౌండు రెండొంతులు అయ్యేదాకా నేను ఆ పని చెయ్యలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ప్రయత్నించి చూశాను. నాకొచ్చిన విద్యతోనే గెలుద్దామని చూశాను. నేనొకటి తగిలిస్తే ఒకటి తగిలించుకుంటున్నాను. ఆ ఇద్దరు జడ్జీల మొహాలు ఎలా ఉన్నాయో చూడాలనిపించింది, చూస్తే కొడుతుందని చూడలేదు. కాళ్ళు బరువెక్కాయి. ఊపిరి అందడం లేదు. ఎదురుగా ఉన్న పిల్ల ఇంకా గెంతుతూనే ఉంది. ఏడుపొచ్చింది నాకు. ఇన్నేళ్ళ తెల్లవారుజాములు, ఇన్ని పస్తులు, మళ్ళీ ఆ వెండి పతకం పట్టుకుని స్టాఫ్ రూములోకి వెళ్ళాలి. మంచితనానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి. నాకు అయిపోయింది.

ఆమె ముందుకు అడుగు వేస్తున్నప్పుడు నా ఎడమపాదం ఆమె పాదం కిందికి తోశాను.

ఆమె తొక్కింది. కుడి గ్లౌజు ముందుకొచ్చి నా భుజం తాకింది. ఉదయం క్యూలో తాకినట్టే, అంతే మెత్తగా. తర్వాత ఆ గ్లౌజు వెనక్కి, ఆమె కళ్ళవైపు వెళ్ళింది. ఆ అరక్షణం ఆమె కళ్ళకి ఆమె చెయ్యే అడ్డం. నా కుడిచెయ్యి తిన్నగా వెళ్ళింది. నా జీవితంలో అంత శుభ్రమైన దెబ్బ నేను కొట్టలేదు. అయిదుగురు జడ్జీలకీ కనబడింది.

ఆమె మోకాలి మీద పడింది. రిఫరీ ఎనిమిది దాకా లెక్కపెట్టాడు. లేచి, ఆడతానని తలూపింది. మిగిలిన కాస్తసేపూ నేను దూరం దూరంగా తిరిగాను. గంట మోగింది.

ముగ్గురు నాకు, ఇద్దరు ఆమెకు. రిఫరీ నా చెయ్యి ఎత్తాడు. ఎన్నేళ్ళుగానో ఈ క్షణంలో ఏమనిపిస్తుందో ఊహించుకుంటూ వచ్చాను. భుజం నొప్పి పెట్టింది. అంతే. మాస్టారు తాళ్ళ మధ్య నుంచి లోపలికొచ్చి నా తల నిమిరారు, కళ్ళు తుడుచుకున్నారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోలేదు.

డ్రెస్సింగ్ రూములో బెంచీ మీద కూర్చుని చేతికట్లు విప్పుకుంటుంటే దుర్గాశ్రీ వచ్చింది. పై పెదవి వాచింది. బట్టలు మార్చుకుంది, జడ మళ్ళీ వేసుకుంది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

వంగి నా భుజం తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకుంది.

"ఇందాక మీ కాలు తొక్కేశానండి. దణ్ణం మధ్యలో ఆగిపోయింది కదా" అంది. దెబ్బ తగిలిందని కూడా అనలేదు.

ఇది విని ఊరుకుంటే పోయేది. ఊరుకోలేకపోయాను.

"నువ్వు తొక్కలేదు. కావాలని నేనే నీ పాదం కింద పెట్టాను" అన్నాను.

ఆమెకు అర్థమైనట్టే ఉంది. వాచిన పెదవిని నాలుకతో తడుముకుంది.

"ఎవరు పెడితే ఏంటక్కా. తగిలింది నా కాలే కదండీ" అంది.

జాతీయ పోటీల్లో బాగా ఆడమని చెప్పి, సంచి భుజాన వేసుకుని బయలుదేరింది. తుని వెళ్ళే బస్సు తప్పిపోతుందని కంగారు పడుతోంది. ఇరుకు గది, బెంచీ ముందు నుంచి దాటుతుంటే చాపుకున్న నా కాలు ఆమె మడమకు తగిలింది. ఆమెకు తెలియలేదు. గుమ్మం దాకా వెళ్ళిపోయింది.

నా చెయ్యి ఒడిలోనే ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. సగం విప్పిన కట్టుతో, ఎర్రబడిన కణుపులతో, బాగా నేర్చుకున్న చెయ్యి. కదలలేదు.

"దుర్గా, ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నాను.

బెంచీ పట్టుకుని లేచాను. మోకాలు మడత విప్పడానికి ఒప్పుకోలేదు, అయినా కుంటుకుంటూ గుమ్మం దాకా వెళ్ళాను. ఆమె ఏమిటన్నట్టు చూస్తోంది. నా చెయ్యి దానంతటది లేవలేదు. ఎవరూ అడగకుండానే, నేనే లేపి ఆమె భుజం తాకి కళ్ళకద్దుకున్నాను.