తోడల్లుళ్ళ కాపలా

పాపకి ముప్పై దాటాయి. అయినా ఇంట్లో అందరికీ ఇంకా పాపే. ఇద్దరక్కల తర్వాత ఆఖరున పుట్టినందుకు ఆ పిలుపు అలా అతుక్కుపోయింది. పిలుపుతో సరిపెట్టి ఉంటే పేచీ ఉండేది కాదు. పాప కాబట్టి దానికేం తెలియదనీ, ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకోవాలనీ ఇంటిల్లిపాదీ తీర్మానించేశారు. ఆ చూసుకునే పెత్తనం కోసం ఇద్దరు బావలూ కాచుక్కూర్చున్నారు.

ఇద్దరూ తోడల్లుళ్ళే గానీ ఒకరంటే ఒకరికి ఉప్పూ నిప్పూ. పెద్దబావ బీమా కంపెనీలో ఆఫీసరు. భారీ మనిషి. ఏ వస్తువైనా ఖరీదైనదైతేనే మంచిదని ఆయన సిద్ధాంతం. చిన్నబావ ఫోన్ల దుకాణం నడుపుతాడు. పుల్లలా ఉంటాడు. ఏ వస్తువైనా డబ్బిచ్చి కొన్నవాడు వట్టి వెర్రివెంగళప్ప అని ఆయన నమ్మకం. కంప్యూటర్ల గురించి ఇద్దరికీ తెలిసింది సమానమే, అంటే సున్నా. కాకపోతే ఆ సున్నాని ఇద్దరూ మహా దర్జాగా పంచిపెట్టేవారు.

పాప చాలా ఏళ్ళు ఒక పెద్ద బట్టల కంపెనీలో కటింగ్ మాస్టరుగా చేసింది. ఆమె కత్తిరించిన కోట్లకి యజమాని చప్పట్లు కొట్టించుకునేవాడు. చూసి చూసి విసిగిపోయి బయటికొచ్చి, రెండు గదుల్లో సొంత కార్ఖానా పెట్టుకుంది. ముందు గదిలో పొడుగాటి కటింగ్ బల్ల, వెనక గదిలో కుట్టుమిషన్లు, కిటికీ పక్కన కంప్యూటరు. కుట్టడానికి, అందరూ పిన్ని అని పిలిచే ఒక పెద్దావిడ కూడా ఉంది. పిన్ని చెయ్యి ఎంత వేగమో నోరూ అంతే. కంపెనీ వదిలిన రోజు యజమాని, "నాలుగు రోజుల్లో తిరిగొస్తావులే, తలుపు తీసే ఉంచుతా" అని పళ్ళికిలించాడు. ఆ నవ్వు తలుచుకుంటే పాపకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అలా ఉండగా మొదటి పెద్ద ఆర్డరు ఒక హోటల్ నుంచి వచ్చింది. వడ్డించేవాళ్ళకి కోట్లు కావాలి. మామూలు కోటు వేసుకుని పళ్ళెం తలపైకెత్తితే కోటంతా పైకి లేచిపోయి పొట్ట బయటపడుతుంది. పాప ఆ చిక్కుని చంక దగ్గర కోతలో విప్పింది. చొక్కా అక్కర్లేకుండా మెడదాకా బొత్తాలు పెట్టుకునే కోటు అది. దాని ప్యాటర్న్, అంటే గుడ్డమీద పెట్టి కత్తిరించే ముక్కల కొలతల బొమ్మ, నెలల తరబడి కంప్యూటర్లో గీసి, చెరిపి, మళ్ళీ గీసింది. హోటలావిడ వచ్చి మధ్య సైజు కోటు వేసుకుని చూసి సరేనంటే కార్ఖానా నిలబడినట్టే. పెదవి విరిస్తే పాప తల దించుకుని పాత యజమాని తలుపు దగ్గరికి పోవాలి.

ఇంతలోకి కాపలా వ్యవహారం వచ్చిపడింది. కంప్యూటరు కొన్న కొత్తలోనే పెద్దబావ తళతళలాడే పెట్టె ఒకటి పట్టుకుని దిగాడు.

"పాపా, ఇది వజ్రకవచం యాంటీవైరస్. మా పెద్ద సారు ఇంట్లో కూడా ఇదే వాడతారు."

"కంప్యూటర్‌తో పాటే ఒక కాపలా ప్రోగ్రాం వచ్చింది పెద్దబావగారూ. అది చాలని కొన్నచోట చెప్పారు."

"ఊరికే వచ్చినదానికి విలువేముంటుందమ్మా?" అంటూ ఆయన దాన్ని ఆపేసి వజ్రకవచం ఎక్కించాడు.

చెప్పొద్దూ, దాని ఆర్భాటం చూడాలి! గంటగంటకీ ఢాంగ్‌మని మోగేది. "మీరు పూర్తిగా సురక్షితం!" అని తెర నిండా పచ్చగా వెలిగేది. దాన్ని మూసేలోపు ఇంకా ఖరీదైన రకం కొనుక్కోమని ఇంకో ప్రకటన దిగేది. కంప్యూటరు నత్తనడక పట్టింది. పాప ఒక గీత గీస్తే అది తెరమీదికి వచ్చేలోపు పిన్ని ఒక జేబు కుట్టేసేది.

"నీ కాపలావాడు గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడే తల్లీ. ఇంక మనం లోపలికెలా వెళ్ళాలి?" అనేది పిన్ని.

ఈ సంగతి చిన్నబావ చెవిన పడింది. పడితే ఊరుకుంటాడా? పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని ఎగేసుకుంటూ వచ్చాడు.

"డబ్బులు పోసి కొన్నాడా ఆయన! నేను చచ్చాననుకున్నావా పాపా? ఇదిగో డేగకన్ను. అసలు సరుకే. డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం మాత్రం మా ఫ్రెండొకడు తీశాడు."

పెన్‌డ్రైవ్ పెట్టగానే తెరమీద సూచనలు వచ్చాయి. మీ యాంటీవైరస్‌లన్నీ ముందు ఆపేయండి, హెచ్చరికలు వస్తే భయపడకండి, దేనికైనా 'అనుమతించు' అని నొక్కండి, అని.

"ఇదేంటి చిన్నబావగారూ? దొంగ వస్తున్నాడు, కుక్కని కట్టేయండి అన్నట్టుంది."

"నువ్వు పాపవి, నీకు తెలీదు. నొక్కు."

పాప వేలు ఆగింది. లోపల ఏదో వద్దు వద్దంది. కానీ అంతకుముందే అమ్మ ఫోన్ చేసి పాఠం చెప్పి ఉంది. "పెద్దాయన తెచ్చింది పెట్టుకుని చిన్నాయన తెచ్చింది కాదంటే బాగుంటుందటే? నీ అక్కకి నేనేం మొహం చూపించను?" అని. ఆ ఇంట్లో అల్లుళ్ళ మనసు నొచ్చుకోకూడదు, అంతే. మిగతా ప్రపంచం ఏమైపోయినా అమ్మకి పట్టదు. పాప నోరు మూసుకుని నొక్కింది.

ఆ రోజు నుంచీ కంప్యూటర్లో అసలు తమాషా మొదలైంది. వజ్రకవచం లేచి, "డేగకన్ను అనే ప్రమాదకరమైన ప్రోగ్రాం ఉంది, తొలగించమంటారా?" అనేది. డేగకన్ను లేచి వజ్రకవచం గురించి అదే మాట ఇంకాస్త ఎర్ర అక్షరాల్లో అనేది. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని సోదాలు చేసుకోవడమే గానీ బయట ఎవడొస్తున్నాడో, ఎవడు పోతున్నాడో ఒక్కటీ తలెత్తి చూసిన పాపాన పోలేదు. అచ్చం తెచ్చినవాళ్ళ బుద్ధే వాటికీ వచ్చింది. పెద్దబావ వచ్చినప్పుడల్లా, "ఎవడమ్మా ఈ చెత్త పెట్టింది?" అని డేగకన్నుని ఆపేసేవాడు. చిన్నబావ వచ్చినప్పుడల్లా, "ఇంకా ఈ గుదిబండ ఉందా?" అని వజ్రకవచాన్ని ఆపేసేవాడు. టీ కూడా తాగకుండా దానికోసమే వచ్చిపోయేవారు. ఇద్దరిలో ఒక్కరైనా కోటు పని ఎంతవరకొచ్చిందని అడగలేదు.

హోటలావిడ సాయంత్రం వస్తానన్న రోజు రానే వచ్చింది. పొద్దున్నే పాప కంప్యూటర్ తెరిచింది. మధ్య సైజు ప్యాటర్న్ కాగితం మీద ప్రింటు తీసుకుని, గుడ్డ కత్తిరించి పిన్నికి ఇవ్వాలి. తెరమీద ప్యాటర్న్ లేదు. ఫైళ్ళన్నిటికీ పిచ్చి పిచ్చి తోకలు మొలిచి ఉన్నాయి. ఏది నొక్కినా తెరుచుకోలేదు. మధ్యలో ఒక పెద్దమనిషి తరహా ఉత్తరం: "నమస్కారం. మీ ఫైళ్ళకి తాళం వేశాం. కంగారు పడకండి. మేం చెప్పిన సొమ్ము పంపితే తాళంచెవి ఇస్తాం. సందేహాలుంటే ఏ వేళైనా అడగండి, మా సిబ్బంది మీ సేవలో ఉన్నారు."

పాప ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. పక్కనే వేలాడుతున్న చిన్న డిస్కులో మారుప్రతి ఉందని గుర్తొచ్చి దాన్ని తెరిచింది. "మాటిమాటికీ తీసి పెట్టడమెందుకు, ఎప్పుడూ తగిలించే ఉంచు" అని సలహా ఇచ్చింది చిన్నబావే. తగిలించి ఉన్నదాన్ని మాత్రం దొంగ వదులుతాడా? దానికీ తాళం పడింది.

సరిగ్గా అప్పుడే ఢాంగ్‌మంది. "మీరు పూర్తిగా సురక్షితం!"

"దీని నోట్లో దుమ్ము కొట్టా!" అంది పిన్ని.

పాప ఫోన్ చెయ్యగానే బావలిద్దరూ ఆదరాబాదరాగా వచ్చారు. వచ్చి ఏం చేశారయ్యా అంటే, గుమ్మంలోనే మొదలుపెట్టారు.

"నీ దొంగసరుకు వల్లే కదయ్యా తమ్ముడూ!"

"మీ వజ్రకవచం ఏం పీకుతోంది అన్నగారూ? పచ్చలైటు వేసి నిద్రపోతోందా?"

"నువ్వు ఆపేసి పోతే అదేం చేస్తుంది?"

"మీరు నాదాన్ని ఆపలేదూ?"

"అసలు నాకు ముందు చెప్పకుండా ఈ పెన్‌డ్రైవ్ ఎందుకు పెట్టనిచ్చావ్ పాపా?" అన్నాడు పెద్దబావ.

"ఆయన మాట విని అసలా పెట్టె ఎందుకు తీసుకున్నావ్ పాపా?" అన్నాడు చిన్నబావ.

మొత్తానికి ఒక్క విషయంలో ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది. తప్పు పాపది. తర్వాత పెద్దబావ కుర్చీ లాక్కుని ఆ ఉత్తరం చదివి, "ఎంత మర్యాదగా రాశారో చూడు! మా కంపెనీవాళ్ళు కూడా ఇలా జవాబివ్వరు. ఒకసారి మాట్లాడి చూద్దాం" అన్నాడు. చిన్నబావ ఒంటికాలి మీద లేచి, ఇంకో ఫ్రెండు దగ్గర ఇంకా గట్టి యాంటీవైరస్ ఉందనీ, దాన్ని తెస్తే దొంగ తోక ముడుస్తాడనీ కుడిచెయ్యి గాల్లోకెత్తి అరిచాడు.

నెలల కష్టం, పాత యజమాని ఇకిలింపు, సాయంత్రం రాబోయే హోటలావిడ, అన్నీ ఒక్కసారి పాప మీద పడ్డాయి. వీళ్ళిద్దరికీ అందులో ఒక్కటీ పట్టలేదు. అలా నిస్సహాయంగా చిన్నబావ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆయన చెయ్యి తలపైకి లేచి ఊగుతోంది. ఒంటిమీది కోటు అంచు మాత్రం ఉన్నచోట నుంచి కదల్లేదు.

అది పాప కుట్టిన కోటే. ప్యాటర్న్ సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి ముందు చిన్న సైజొకటి, పెద్ద సైజొకటి కుట్టి, గీతలెలాగూ కంప్యూటర్లో ఉన్నాయని కాగితాలు పారేసింది. ఆ కోట్లు బావల ఒంటికి సరిపోయాయని చెరొకటీ ఇచ్చేసింది. ఊరికే వచ్చింది కదాని చిన్నబావా, ఖరీదుగా కనిపిస్తోందని పెద్దబావా దాన్ని విడవకుండా తొడుక్కుంటున్నారు.

"కోట్లు విప్పండి" అంది పాప.

"ఏంటమ్మా?"

"ఇద్దరూ కోట్లు విప్పండి బావగారూ. ఇప్పుడే."

"లోపల బనీనే ఉంది పాపా!"

"ఉండనివ్వండి."

ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ విన్నది కాదు. ఇద్దరూ తెల్లమొహాలేసుకుని బొత్తాలు తీశారు. పాప కంప్యూటర్ వైరు పీకేసింది. దాన్ని మొత్తం తుడిచి మొదట్నుంచి మొదలుపెట్టాలి, ఊరికే వచ్చిన ఆ పాత కాపలాతోనే. అది తర్వాతి సంగతి. ఇప్పుడు కోట్లని బల్లమీద పరిచి కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

"అయ్యయ్యో, నాకు నప్పిన కోటు!" అని చిన్నబావ గోలపెట్టాడు.

"ఊరికే వచ్చిందేగా నాయనా, ఊరికే పోతుంది" అంది పిన్ని, రెండో కోటు అందుకుంటూ.

ముక్కకి ముక్క విడదీసి, ఇస్త్రీ చేసి, కాగితం మీద పెట్టి గీసింది పాప. చిన్న సైజు గీతకీ పెద్ద సైజు గీతకీ నడుమ మధ్య సైజు పెన్సిల్‌తో గీసుకుంది. చంక దగ్గరికొచ్చేసరికి గీసింది చెరిపింది. ఆ వంపు కోసం ఎన్నిసార్లు చెరిపిందో ఆమెకే తెలుసు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ గీసింది. గుడ్డ కత్తిరించి ఇవ్వగానే పిన్ని మిషను పరుగందుకుంది.

బావలిద్దరూ బనీన్లతో మూల స్టూళ్ళ మీద కూర్చుండిపోయారు. చొక్కాలు పంపమని ఇళ్ళకి ఫోన్ చేద్దామంటే ఎందుకు విప్పాల్సి వచ్చిందో చెప్పుకోవాలి. చెయ్యలేదు. మధ్యలో అమ్మ ఫోన్ వచ్చింది. బావగార్లకి మర్యాద తక్కువైందేమోనని కంగారు పడింది.

"కూర్చోబెట్టానమ్మా" అని పెట్టేసింది పాప.

ఆఖరి బొత్తాం కుట్టి దారం కొరుకుతుండగా హోటలావిడ వచ్చింది. మాటా పలుకూ లేకుండా కోటు తొడుక్కుంది. బల్లమీది అట్ట తీసుకుని, దానిమీద నీళ్ళగ్లాసు పెట్టి, ఒంటిచేత్తో తలపైకెత్తింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది, వంగింది, లేచింది. కోటు అంచు కదల్లేదు.

"ఇలాంటిది ఎక్కడా దొరకలేదు మేడమ్. మిగతావి మొదలుపెట్టేయండి" అందావిడ.

మేడమ్ అన్న మాట విని పాప ఎవరినా అని వెనక్కి చూడబోయి ఆగిపోయింది. అన్నది తననే. కడుపు నిండిపోయింది.

పెద్దబావ ఇక ఆగలేకపోయాడు. బనీను సర్దుకుని, పొట్ట ముందుకు పెట్టి, చేతులు జోడించి లేచాడు. "నమస్కారమండీ. ఇక్కడ కంప్యూటర్ వ్యవహారాలన్నీ నేను చూసుకుంటాను."

"మేం చూసుకుంటాం" అని పక్కన లేచాడు చిన్నబావ.

హోటలావిడ ఆ ఇద్దరు బనీను మనుషులనీ ఎగాదిగా చూసి, "వీళ్ళెవరు మేడమ్?" అని అడిగింది.

ఇద్దరూ ఆశగా పాప మొహంలోకి చూశారు. బావగార్లని చెబుతుందని, పెద్దవాళ్ళని చెబుతుందని, కనీసం దగ్గరివాళ్ళని చెబుతుందని.

"కొలతలకి వచ్చారండీ. అయిపోయింది, వెళ్ళిపోతున్నారు" అంది పాప, వెళ్ళి వీధి తలుపు తీసి పట్టుకుంటూ.