ఒక్క సేపు

ఈ కథ మొదట నాతో చెప్పింది పుత్తూరులో దోసెలు పోసే దేవకమ్మ. చట్నీలో నీళ్ళెక్కువని నేను అన్నప్పటి నుంచి ఆమెకూ నాకూ మాటల్లేవు, పదకొండేండ్లు. ఈ కథ గూడా నా మొగం చూసి చెప్పలేదు, పెనం చూసి చెప్పింది. అయినా చెప్పింది నిజం, కాబట్టి ఆమె పేరే ముందు రాస్తాండా. తర్వాత ఇదే కథ చెంగయ్య ఊరంతా చెప్పుకోని తిరిగినాడు, తాను కండ్లారా చూసినట్టు. ఇది జరిగిన పొద్దు ఆయప్ప కార్వేటినగరంలో పెండ్లి భోజనం తింటా ఉన్నాడు.

లోహిత మునెమ్మ కోడలు. మొగుడు నవీన్‌కు శ్రీ సిటీలో కంపెనీ పని, తెల్లారుజామున నాలుగున్నరకే బస్సు. ఆ బస్సు పోయినాక లోహిత అయిదు నెలల బిడ్డ జాహ్నవికి రెండు పక్కలా పాలిచ్చి, అత్త పక్కలో పండబెట్టి, బూట్లు కట్టుకుని కార్వేటినగరం రోడ్డు మీద పరిగెత్తేది.

ముందు ఆమె నిర్మలమ్మ బడిలో ఆటల టీచరు. కడుపుతో ఉన్నప్పుడు మానుకుంది. మళ్ళా చేరతానని పోతే నిర్మలమ్మ, పాలిచ్చే దానివి పిల్లోళ్ళెంట యాడ పరిగెత్తగలవమ్మా అనింది. లోహిత కదలకుండా ఆడనే నిలబడినాక చివరికి ఒక మాట ఇచ్చింది. తిరుపతిలో పది కిలోమీటర్ల పందెం జరగబోతాంది, అది గంట లోపల ముగిస్తే పని నీది, లేదంటే ఇంకొకరిది.

మునెమ్మకు పరుగు మీద కోపం లేదు. ఆమె భయమంతా ఎండపాల మీద. ఎండన పడి, చెమటలు కక్కి వచ్చిన తల్లి మొదటి పాలు పిండి పారబోసి, కాళ్ళు కడుక్కుని, ఒళ్ళు చల్లబడినాకే బిడ్డను తీసుకోవల్ల. లేకుంటే బిడ్డకు కక్కులూ బేదులూ. అందుకని లోహిత పరిగెత్తి వచ్చినప్పుడంతా గడప బయట అరగంట కూర్చోబెట్టేది. లోపల బిడ్డ ఏడుస్తాంటే బయట తల్లికి రవికె తడిసిపోయేది. డాక్టరమ్మ ఏమీ కాదనిందని లోహిత ఒకసారి చెప్పి చూసింది.

"నవీన్‌ను సాకింది నేనా, ఆమా?" అనింది మునెమ్మ. అంతే, ఆ మాట మళ్ళా రాలేదు.

పిండిన పాలు జనం తొక్కే చోట పోయగూడదు. మునెమ్మ కరేపాకు చెట్టు మొదట్లో పోయించేది. ఒకనాడు లోహిత అయిదో కిలోమీటరు కాడ రొమ్ములు రాయిగట్టి, నొప్పి ఓర్చుకోలేక, రోడ్డు మీదనే పిండేసింది. తాగిన రోడ్డు ఊరికే ఉంటుందా.

బిడ్డ ఆకలికి తల్లికి పాలు పొంగడాన్ని పుస్తకాల్లో చేపు అంటారంట. మా పక్క సేపు అంటాము. ఆ మర్నాటి నుంచి లోహితకు సేపు వచ్చిందంటే చాలు, రోడ్డు చాపమాదిరి ముడుచుకుని ఇంటి గడపను తెచ్చి ఆమె ముందర పెట్టేది. బిడ్డకిచ్చి మళ్ళా బయట అడుగు పెడితే, వదిలిపెట్టి వచ్చిన చోటే ఉండేది. పాలు తాగినాక రోడ్డయినా బిడ్డే గదా. పాలవ్యాను తోలే సునీల్‌కుమార్ మాత్రం, "మడిచే ముందర చెయ్యెత్తక్కా, నా బ్రేకులు అరిగిపోతాండాయి" అని అడిగినాడు. లోహిత సరేనని అప్పటి నుంచి చెయ్యెత్తేది. గడప ఎంత తొందరగా వచ్చినా, మునెమ్మ అరగంట మాత్రం అరగంటే.

పందెం నాడు ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చినాడు. ఆరింటికి కావాల్సింది ఏడున్నరకు మొదలయింది. తాడు లోపలికి పోయినోళ్ళు బయటికి రాగూడదన్నారు, లోహిత లోపలే నిలబడిపోయింది. ముగింపు గీత కాడ మునెమ్మ బిడ్డనెత్తుకుని ఉండాది. సీసాలో పిండి పెట్టిన పాలను జాహ్నవి నాలిక్కూడా తగలనీలేదు.

ఆరో కిలోమీటరు కాడ లోహితకు సేపు వచ్చింది. తిరుపతి రోడ్డుకు ఆమె పాల రుచి తెలియదు. ఒక్క చుక్క పడితే తెలుస్తాది. తెలిస్తే తీసకపోయి బిడ్డ ఉండే ముగింపు కాడ పెడతాది, నాలుగు కిలోమీటర్లు ఎగ్గొట్టిన దొంగ అంటారు. రొమ్ముకు చెయ్యి అడ్డం పెట్టుకుని నూరడుగులు పరిగెత్తింది. యాడనో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాందని ఆ రొమ్మే చెప్తాంది. చెయ్యి తీసేసింది.

రోడ్డు ముడుచుకుంది. ముగింపు గీత మీద కాలు పడంగానే మిషను కూసింది, ముప్పై ఒక్క నిమిషం. ఎదురుగ్గా మునెమ్మ, ఆమె చేతుల్లో ఎర్రగా కందిపోయిన జాహ్నవి.

లోహిత ఒళ్ళు పొయ్యిమాదిరి కాలతాంది. అలవాటు ప్రకారం మొదటి పాలు పిండేదానికి పక్కకు తిరిగింది. ఇంక చల్లబడేదానికి అరగంట, ఆ అరగంటతో బడి పని పోయినట్టే. అత్తను అడగలేదు. మునెమ్మ గడియారం చూసింది, కోడలి మొగం చూసింది.

"ఎండా లేదు, గిండా లేదు. పట్టు బిడ్డను. తాగినాక పో."

కొంగు విప్పి అడ్డం పట్టుకుని నిలబడింది. ఏడు నిమిషాలు. తర్వాత లోహిత వెనక్కి తిరిగి అడుగు వేస్తే ఆరో కిలోమీటరు, ఆ నూరో అడుగు కాడనే. ఎనిమిదో కిలోమీటరులో నిర్మలమ్మ నీళ్ళు అందిస్తాండాది. ఆమె లోహిత రవికె మీది తడి చూసింది, తన వాచీ చూసుకుంది.

"పదకొండు నిమిషాలుండాయి. గ్లాసు ఆడ పారేసి పో."

ఈలోపల పందెం వాళ్ళలో ఒకాయప్ప, మిషను లెక్క నమ్మకం కుదరక, మునెమ్మ కాడికి వచ్చి, ఆమె ఎంతసేపు పరిగెత్తిందమ్మా అని అడిగినాడు. ఆయనది కృష్ణా పక్క. బిడ్డను భుజాన వేసుకుని వీపు తడతా ఉన్న మునెమ్మకు అప్పుడు సేపంటే పాలే.

"ఒక్క సేపే అబ్బా. సేపు వచ్చింది, బిడ్డ కాడికి వచ్చేసింది."

ఆయన, "కాసేపే పరిగెత్తింది, అడ్డదారి" అని రాసుకుని ఆమె పేరు కొట్టేసినాడు. యాభై తొమ్మిదో నిమిషంలో లోహిత మళ్ళా గీత దాటితే తల గూడా ఎత్తలేదు. మెడలో పతకం వెయ్యలేదు.

నిర్మలమ్మ తన వాచీనే నమ్మింది. సోమవారం లోహిత ఈల తగిలించుకుని బడి మైదానంలో నిలబడింది. పదిన్నరకు మునెమ్మ బిడ్డనెత్తుకుని వచ్చింది. కోడలు చెమట తుడుచుకునే లోపలే ఒళ్ళో పెట్టేసింది.

పందెం పుస్తకంలో మాత్రం ఇంకా అడ్డదారి అనే ఉండాది. లోహిత పోనీలే అంటాది. పోనిచ్చేదానికి అది పులిసిన పిండి కాదు. ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉండాదో వాళ్ళు ఆ మాట కొట్టేసి సక్రమంగా రాయండి. లోహిత, పది కిలోమీటర్లు, యాభై తొమ్మిది నిమిషాలు. పాలిచ్చిన ఏడు నిమిషాలు అందులోనే ఉండాయి. వాటిని తీసెయ్యొద్దండి.