చింతగింజ పెట్టని గడి

నేను నిద్రపోయినప్పుడు నా బిడ్డ ఊపిరి ఆగిపోతుందేమోనన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. అందుకే ఈ పరీక్ష హాల్లో మూడో బెంచీ మీద కూర్చుని ఉన్నానని తెలియగానే, ఇక్కడ ఉన్నానంటే ఇంట్లో నిద్రపోయానన్నమాటే కదా, లేవాలి లేవాలి అనుకుంటాను గానీ కాళ్ళు తడిసిన బొంతల్లా బరువుగా ఉన్నాయి. హాలు మా యూనివర్సిటీదే. పైన తిరిగే ఫ్యాను మాత్రం మా ఇంట్లోది, అదే కిరకిర. ముందు బెంచీలో ఎవరో తలస్నానం చేసి జుట్టు ఆరబోసుకుని కూర్చుంది, ఆ చివర్ల నుంచి నా జవాబు కాగితం మీద బొట్టు బొట్టుగా నీళ్ళు పడుతున్నాయి, ఎవరో చూడకుండానే తెలుసు. వినోద. మొన్న బతుకమ్మ సెలవుల్లో జ్వరంతో చచ్చిపోయిన నా వినోద.

"ఏందే రవళీ, మళ్ళ ఆలస్యమేనా?" అని వెనక్కి తిరుగుతుంది.

"బిడ్డ పండలేదే."

"అయితే ఏమాయె, కూసో. ఆపరేషన్స్ రీసెర్చ్ పేపరు. నువ్వు రాయకుంట మిగిలిన పేపరే గద."

నిజమే. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ రెండో సంవత్సరం మధ్యలో, ఏడో నెల కడుపుతో ఉన్న నన్ను డాక్టరమ్మ మంచం దిగవద్దన్నప్పుడు ఆగిపోయిన చదువు నాది. ఆ పేపరు కోసం మేమిద్దరం వినోద అద్దె గదిలో గచ్చు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, గళ్ళలో చింతగింజలు పెట్టి లెక్కలు చేసేవాళ్ళం, కాగితం మీదైతే కొట్టివేతలతో నిండిపోతుందని, గింజలైతే తప్పు వచ్చినప్పుడు జరిపేస్తే సరిపోతుందని. క్లాసులో అందరూ నవ్వేవాళ్ళు. మాకు లెక్కలు చేసే ఇల్లాళ్ళని పేరు పెట్టారు. ఆ పేపరు చెప్పే సదయ్య సార్ ఒక్కడే నవ్వలేదు, ఒకరోజు మేము క్లాసులో గళ్ళు గీస్తే తను కూడా గచ్చు మీద గొంతుక్కూర్చుని రెండు గింజలు జరిపాడు.

ఇప్పుడు బెంచీ చెక్క మీదే గళ్ళు పడుతున్నాయి, ఎవరు గీస్తున్నారో తెలియదు. అది అసైన్‌మెంట్ లెక్క. అడ్డవరుసల్లో మనుషులు, నిలువు వరుసల్లో పనులు, ఏ మనిషి ఏ పని చేస్తే ఎంత శ్రమో గడిలో అంకె, ఒక మనిషికి ఒకే పని, ఒక పనికి ఒకే మనిషి, మొత్తం శ్రమ అన్నిటికన్నా తక్కువ కావాలి. పైన పనులు నా చేతిరాతలోనే ఉన్నాయి. పాలు పట్టడం. వంట. బిడ్డ ఊపిరి చూడడం. నాలుగోది చదవబోతే అక్షరాల మీద నీటి బొట్టు పడి అలుక్కుపోతుంది.

వినోద అడ్డవరుసలు చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. "నాలుగు వరుసలల్ల నాలుగు సార్లు నీ పేరే రాసినవేందే? రవళి, రవళి, రవళి, రవళి. సార్ చూస్తే సున్నా ఏస్తడు."

"ఇంకెవరున్నరే మరి?"

"మీ ఆయన లేడా?"

"పొద్దున పోతే బస్సు డిపోల సీకటి దాకా ఇంజిన్ల కిందనే ఉంటడు."

"సీకటైనంక? వంట రాదా?"

"చారు చేస్తడు. గది చారో, చేతులు కడిగిన నీళ్ళో తెల్వది."

"తాగితే సస్తరా? వంట ఆయనకు రాయి," అని చూపుడు వేలితో నా పేరు తుడిచేస్తుంది, ఆ వేలు తగిలిన చోట చెక్క చల్లబడి, హాలు గోడ నెమ్మదిగా వెనక్కి జరిగి, మేము ఆమె అద్దె గదిలో ఉన్నాం, మూలన నీలం బకెట్టు, కిటికీలో ఎండిన తువ్వాలు.

"అత్తమ్మ?" అంటుంది.

"అత్తమ్మకు సూపు ఆనదే. ఊపిరి ఎట్ల చూస్తది?" నేనేదో పెద్ద రుజువు చూపిస్తున్నట్టు గడి వైపు చెయ్యి చాపుతాను. మూడో వరుసలో నా పేరు పోయి అత్తమ్మ పేరు వచ్చింది, అందులో ఊపిరి పని కింద వంద అని వేసి ఉంది.

"ఈ వంద ఎవరు ఏసిన్రు?"

"నేనే."

"అత్తమ్మను అడిగినవా?"

చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంటాను.

"అడగకుంట ఏసిన అంకెతోని లెక్క ఎట్ల తేలుతదే పిల్లా! ముగ్గురు బిడ్డలను సాదింది ఆమె," అంటుంది, సరిగ్గా మొదటి సంవత్సరం పరీక్షల ముందు నన్ను కసిరినట్టే. వంద మీద ఉఫ్‌మని ఊదితే సున్నాలు రెండూ పిండిలా లేచిపోయి ఒకటి మిగులుతుంది. పాలు పట్టడం ఎవరికీ ఇవ్వలేం కాబట్టి నా పేరు అక్కడ ఉంటుంది. ఒక్కచోటే. మూడు పనులకు మూడు గింజలు టక్ టక్‌మని వాటంతటవే కూర్చుంటాయి, నాకు ఏడుపు రావాలి గానీ అలసటగా ఉంది, ఆవలింత వస్తుంది, కలలో కూడా.

నాలుగో వరుసలో నా పేరు చెరిగిపోయి ఖాళీగా ఉంది. నాలుగో పని తడి ఆరి ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. వినోదకు ఫోన్ చేయడం.

అప్పటికి పాపకు పన్నెండో రోజు. వినోద రెండుసార్లు ఫోన్ చేసింది. పాలు పడుతున్నా, తర్వాత చేస్తా అని మెసేజ్ పెట్టాను. తర్వాత చేయలేదు. చుట్టుపక్కల గదుల వాళ్ళంతా సెలవులకు ఊళ్ళకు పోయారని, ఆమె ఒక్కతే పరీక్షకు చదువుకుంటానని ఉండిపోయిందని, నాలుగు రోజుల జ్వరం ఎవరికీ తెలియలేదని, అంతా అయిపోయాక ఇంటి ఓనరమ్మ చెబితే తెలిసింది.

"ఎందుకు చేసినవే ఆ రోజు?" అని అడుగుతాను. ఐదు నెలలుగా నేను అడగాలనుకుంటున్నది అదే. "జొరమని చెప్తానికేనా? రమ్మంటానికా?"

"ఏమో."

"ఏమో అంటవేందే!"

"గుర్తు లేదే. పాపను చూద్దామని కావచ్చు. లెక్క ఒకటి రాలేదని కావచ్చు. నువ్వు కనే కల గద ఇది, నీకు తెల్వంది నాకెట్ల తెలుస్తది?"

నేను ఆమె నుదుటి మీద చెయ్యి పెడతాను. చింతగింజంత చల్లగా, నున్నగా ఉంది.

"మనుషులు తక్కువై పనులు ఎక్కువైతే సార్ ఏం చెయ్యమన్నడు?" అంటుంది, కళ్ళు మూసుకునే.

"డమ్మీ వరుస కలపమన్నడు. లేని మనిషిని. అన్ని గళ్ళల్ల సున్నా."

"లేని మనిషికి పని ఇస్తే?"

"ఆ పని ఇగ జరగదని ఒప్పుకున్నట్టు."

"మరి ఉన్న గదనే నేను, లేని మనిషిని," అని నా అరచేతిలో నాలుగో గింజ పెట్టి వేళ్ళు మూస్తుంది. "నా వరుసల పెట్టు. లెక్క అయిపోతది, పోయి పండుకో."

"పెడితే నేను ఇగ ఎన్నడు ఫోన్ చెయ్యనట్టే గద."

"చెయ్యవు రవళీ."

గడి నా ముందే ఉంది. జానెడు దూరం. చెయ్యి అంత దూరం పోవడం లేదు, నీలం బకెట్టులోంచి నీళ్ళు పొర్లి గచ్చు మీది గీతలు చెరిగిపోతున్నాయి, ఎక్కడో పరీక్ష గంట కొడుతున్నారు, గంట కాదు, అది పాప గొంతు, వినోదా ఆగవే, ఆగు...

కళ్ళు తెరిచేసరికి మిట్టమధ్యాహ్నం. చాప మీద పడి ఉన్నాను. పాప ఏడవడం లేదు, ఊ ఊ అని ఫ్యానుతో మాట్లాడుతోంది. ఆ పక్కనే కాళ్ళు చాపుకుని అత్తమ్మ కొత్త చింతపండులో గింజలు తీసి గిన్నెలో వేస్తోంది, కుడిచేత్తో మాత్రమే, చాలా నెమ్మదిగా. ఎడమచెయ్యి పాప పొట్ట మీద ఉంది.

"రెండు గంటలాయె పండి. లేపబుద్ధి కాలె," అంది. "నాకు సూపు ఆనదాయె బిడ్డా, అందుకే చెయ్యి ఏసి కూసున్న. పొట్ట లేస్తున్నది, పడుతున్నది. నువ్వు ఇంకింత పండు."

లేచి కూర్చుంటే చెంపకు అంటుకున్నదేదో ఒళ్ళో రాలింది. గిన్నెలో పడకుండా దొర్లి వచ్చిన చింతగింజ. దాని గుర్తు చెంప మీద గుంటపడి చేతికి తగులుతోంది. గిన్నెలో వేయబుద్ధి కాలేదు. చున్నీ అంచుకు ముడివేసుకున్నాను, ఇది రాస్తున్నప్పుడు కూడా అక్కడే ఉంది, దాన్ని ఏ గడిలోనూ పెట్టలేదు.

ఇది చదువుతున్న మీకు, తర్వాత చేస్తానని చెప్పి చేయని ఫోన్ ఏదైనా ఉంటే, సెలవుల్లో గదిలో ఒంటరిగా ఉండిపోయిన వాళ్ళెవరైనా గుర్తుకొస్తే, దీన్ని పక్కన పెట్టి ఇప్పుడే చేయండి. బాగున్నావా అని అడిగితే బాగున్నాననే అంటారు. జ్వరం ఉందా అని అడగండి.