చీకట్లో మోగిన చెయ్యి

"మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టమ్మా."

పార్థసారథి గొంతు పెంచలేదు. ఆ డైరెక్టరు అరిచిన రోజు భయం లేదనీ, మెల్లగా మాట్లాడిన రోజే ఎవరిదో ఉద్యోగం ఊడుతుందనీ ఆఫీసంతా చెప్పుకునేది. దీవెన కార్డు మీద చెయ్యి వేసింది గానీ తియ్యలేదు.

"ఎందుకో చెప్పండి సార్. తీస్తాను."

"ఎందుకా?" సేల్స్ మేనేజర్ రంగనాథ్ అరచేత్తో బల్లను చరిచాడు. "పక్క రూముల జర్మనోళ్ళు బ్యాగులు సదురుకుంటున్నరు. ఎన్ని నెలల సంది ఆళ్ళ ఎంబడి తిరిగిన్నో నీకు ఎర్కనా? ఒక్క ఫోన్ కొట్టి అంతా మట్టిల కలిపినవ్. ఇంకా ఎందుకంటవా?"

అది 1999 వానాకాలం. కొత్త సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు రెండు వేలను పంతొమ్మిది వందలుగా పొరబడి తలకిందులవుతాయని ప్రపంచమంతా వణుకుతోంది. ఆ వణుకే హైటెక్ సిటీకి అన్నం పెడుతోంది. హానోవర్‌లోని ఒక బీమా కంపెనీ తన పాత ప్రోగ్రాములను సరిచేసే పని వీళ్ళకి ఇవ్వాలా వద్దా తేల్చుకోవడానికి ఇద్దరిని పంపింది. పెద్దావిడ పేరు బ్రాంట్. ఆవిడ కింద పనిచేసేవాడు కెస్లర్. ఇద్దరికీ ఇంగ్లీషు వచ్చు గానీ పని మాటలు జర్మన్‌లోనే జరగాలని వాళ్ళ పట్టు. అందుకే దీవెనను దుబాసీగా పెట్టుకున్నారు.

నిన్న భోజనాల దగ్గర బ్రాంట్ తన మనిషితో జర్మన్‌లో ఒక మాట అంది. "వీళ్ళ పని బాగుంది. కానీ ఉన్నది ఒక్క భవనం. ఇక్కడ నిప్పో నీళ్ళో వస్తే మన పని ఆగిపోతుంది. వేరే ఊళ్ళో రెండో ఆఫీసు చూపించేవాళ్ళు దొరికితే మరుక్షణం సంతకం పెడతాను." కాగితం మీద ఎక్కని మాట అది. ఇంగ్లీషులో ఎవరితోనూ అనని మాట. ఇవాళ పొద్దున్నే బెంగళూరు కంపెనీ ఒకటి ఆవిడ దిగిన హోటల్‌కి ఫోన్ చేసింది. మీ కోసం చెన్నైలో రెండో ఆఫీసు సిద్ధం చేస్తున్నామని.

మా బల్ల దగ్గర గూఢచారిని కూర్చోబెడతారా అని కెస్లర్ మండిపడ్డాడు. సాయంత్రం విమానానికి వెళ్ళిపోతామన్నాడు.

నిన్న ఆ బల్ల చుట్టూ ఉన్న మనవాళ్ళు నలుగురే. పార్థసారథి, రంగనాథ్, ప్రాజెక్టు మేనేజర్ ఉదయ్ భాస్కర్, దీవెన. జర్మన్ వచ్చింది అందులో ఒక్కరికే.

"ఆ మాట నువ్వు విన్నావా, లేదా?" పార్థసారథి పెన్నుతో బల్లను పొడుస్తూ అడిగాడు.

"విన్నాను సార్."

"విని నాకెందుకు చెప్పలేదు?"

"అది వాళ్ళలో వాళ్ళు అనుకున్న మాట సార్. మీకు చెప్పమని నాకిచ్చింది కాదు. మీరు మీలో మీరు అనుకున్నవి వాళ్ళకి మోస్తానా? ఇదీ అంతే."

"మనకి చెప్పదంట, బెంగళూరోళ్ళకి చెప్తదంట," అన్నాడు రంగనాథ్. "ఏం న్యాయం సార్ ఇది!"

"నేను ఎవ్వరికీ చెప్పలేదు."

"మరెవరు చెప్పిన్రు? నేనా? జర్మన్ల నమస్తే అనుడు గూడ రాదు నాకు!"

అంతవరకూ నోరు విప్పని ఉదయ్ భాస్కర్ కల్పించుకున్నాడు. కాకినాడ వైపు మనిషి, ఆరునెలల కిందటే చేరాడు. ఆఫీసులో అందరూ 'ఏయ్ దీవెనా' అంటే 'దీవెన గారూ' అనే ఒకే ఒక్క మేనేజరు.

"తొందరపడకండి సార్. నాకూ ఆ భాషలో ఒక్క ముక్క తెలీదు, మీకూ తెలీదు. ఆఖరి మీటింగ్ దుబాసీ లేకుండా ఎలా జరుపుతామండీ? అదయ్యాక పోలీసులంటారో, మరొకటంటారో మీ ఇష్టం." లేచి, బల్ల మీద వేళ్ళతో రెండుసార్లు తట్టి, ఆమె వైపు జాలిగా చూసి బయటికి నడిచాడు.

"మీటింగ్ వరకే," అన్నాడు పార్థసారథి. "ఆ తరవాత కార్డు నా బల్ల మీద ఉండాలి."

* * *

పక్క స్థలంలో బండలు పగలగొట్టే మోతకి కిటికీ అద్దాలు అదురుతున్నాయి. దీవెన అక్కడే నిలబడి ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

ఈ ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. పేరు పోతే మాత్రం ఏ గదిలోకీ ఎవరూ రానివ్వరు. విన్నది బయటపెట్టే దుబాసీ దగ్గర ఎవరు నోరు విప్పుతారు? జర్మన్ నేర్చుకుని ఏం చేస్తదయ్యా మీ బిడ్డ అని అడిగిన బోరబండ చర్చి వాళ్ళందరికీ, ఆమె ఆఫీసుకి వెళ్ళే బస్సు నంబరు కూడా చెప్పి మురిసిపోయిన మనిషి వాళ్ళ నాన్న పౌలు. ఆయనకి ఏ ముఖం చూపిస్తుంది?

ఏడుపు రాలేదు. లెక్క మాత్రం తేలింది. తను చెప్పలేదు. మాట బయటికి పోయింది. అంటే మిగిలిన ముగ్గురిలో ఒకరికి జర్మన్ వచ్చు. వచ్చని దాచుకున్నారు.

టీ సమయానికి ముగ్గురూ ప్యాంట్రీలో చేరారు. బ్రాంట్ కూడా పాలు లేని టీ కోసం వచ్చింది. దీవెన ఆవిడ పక్కన నిలబడి, వాన గురించి చెప్తున్నట్టే, జర్మన్‌లో అంది. "కింద పార్కింగ్‌లో తెల్ల మారుతి మీద సిమెంటు బస్తా పడిందట. అద్దం తునాతునకలైందట."

ముగ్గురివీ తెల్ల మారుతీలే.

పార్థసారథి కప్పు దించలేదు. ఉదయ్ భాస్కర్ చక్కెర కలుపుతూనే ఉన్నాడు. "అరెరెరె!" అన్నాడు రంగనాథ్. దీవెన గబుక్కున అటు తిరిగింది. తీరా చూస్తే అతని ఉస్మానియా బిస్కెట్టు విరిగి టీలో మునిగిపోయింది.

బ్రాంట్ కప్పు పట్టుకుని ఆమెను కారిడార్‌లోకి తీసుకెళ్ళింది. "ఆ కారు కథ ఎవరి కోసం?"

"మీ మాట మోసినవాడి కోసం. వాడు దొరకలేదు."

"నువ్వు కాదన్న నమ్మకం నాకేమిటి?"

"ప్రస్తుతానికి ఏమీ లేదు," అంది దీవెన. "కాసేపు ఆగండి. ఇస్తాను."

దొంగ ముఖానికి తాళం వేసుకున్నాడు. ఉలిక్కిపడే మాటలు వస్తాయని కాచుకునే ఉన్నాడు. కాచుకున్నవాణ్ణి భయపెట్టి పట్టుకోలేం. మరెలా?

ఆమెకి జర్మనీలోని కాసెల్ గుర్తొచ్చింది. చర్చి వాళ్ళు పంపితే ఆ ఊళ్ళో వృద్ధాశ్రమంలో ఏడాది పనిచేసింది. మొదట్లో ప్రతి మాటా బుర్రలో తెలుగులో పుట్టి, ఇంగ్లీషు బట్టలు వేసుకుని, జర్మన్ గడప దగ్గర చెప్పులు విడిచేది. తను లోపలికి వచ్చేసరికి అవతలివాళ్ళు ఇంకో విషయంలోకి వెళ్ళిపోయేవారు. ఒకరోజు దుప్పట్లు మడతపెడుతుంటే పక్కగదిలో ఒక ముసలమ్మ సూప్‌ను తిట్టింది. దీవెన ఫక్కున నవ్వేసింది. నవ్వాక గాని తెలియలేదు, తను వినాలని వినలేదని. భాష వచ్చిందని ఆ పూటే అర్థమైంది. అప్పటిదాకా ఆమె దాని వెంట పడింది. ఆ పూట నుంచి అది ఆమె వెంట పడింది. వద్దన్నా చెవిలో దూరేది, కలల్లోకి వచ్చేది, చివరికి చేతుల్లోకీ దిగింది.

చేతుల్లోకి!

ఆ ఆశ్రమంలో ఒక రిటైరైన ప్రొఫెసర్ వారం వారం పక్షుల గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు. అయిపోగానే ఎవరూ చప్పట్లు కొట్టేవారు కాదు. వేళ్ళ కణుపులతో బల్లల మీద టకటకా కొట్టేవారు. అక్కడి కాలేజీల్లో చదివినవాళ్ళకి అదే చప్పట్లు. లేచి వెళ్తూ బల్ల మీద తట్టినా, వస్తానని చెప్పినట్టే. ఇంటికొచ్చిన మొదటి ఆదివారం బోరబండ చర్చిలో పాస్టరు గారి ప్రసంగం ముగియగానే దీవెన బెంచీ మీద టకటకా కొట్టేసింది. "ఏందే ఇది, దేవుని మందిరంల తలుపులు కొడ్తున్నవా?" అని నాన్న గుడ్లురిమాడు. ఆమె కావాలని కొట్టలేదు. చెయ్యే కొట్టింది.

దీవెన వెనక్కి వెళ్ళి బ్రాంట్ చెవిలో ఏదో చెప్పింది. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని కాసేపు చూసింది. తరవాత పెదవి చివర నవ్వింది.

"కెస్లర్‌కి నేను చెప్తాను. కానీ అమ్మాయీ, నీ ప్రసంగం మామూలుగా ఉంటే ఇది పారదు. వినేవాడు తనను తాను మరచిపోవాలి."

"మరచిపోతాడు," అంది దీవెన.

* * *

మీటింగ్ గదిలో తెరలు దించారు. దీపాలు ఆర్పారు. ప్రొజెక్టర్ వెలుగు తప్ప అంతా చీకటి.

అసలైతే ఉదయ్ భాస్కర్ ఇంగ్లీషులో చెప్పాలి, దీవెన వాక్యం వాక్యం మార్చాలి. విమానానికి టైమవుతోంది, ఆమే నేరుగా జర్మన్‌లో చెప్పాలని బ్రాంట్ పట్టుబట్టింది. పార్థసారథికి కాదనే ధైర్యం లేదు. "జర జాగ్రత్త సార్, ఏం చెప్తదో మనకేం సమజైతది," అని రంగనాథ్ సణుగుతూ తలుపు పక్కన స్విచ్చుల దగ్గర కూర్చున్నాడు.

దీవెన పట్టికలతో మొదలుపెట్టలేదు. కాసెల్ వృద్ధాశ్రమంలోని లోరెంజ్ అనే ముసలమ్మతో మొదలుపెట్టింది. ఆవిడకి నూరేళ్ళు దాటాయి, పుట్టింది ఎప్పుడో పోయిన శతాబ్దపు చివరి ఏళ్ళలో. ఊరి ఆఫీసు కంప్యూటరు పుట్టిన సంవత్సరంలో చివరి రెండంకెలే చూసి ఆవిణ్ణి చంటిపిల్ల అనుకుంది, టీకా వేయించుకోవడానికి అమ్మతో కలిసి రమ్మని కబురు పంపింది. లోరెంజ్ జుట్టుకి రిబ్బను కట్టించుకుంది, చక్రాల కుర్చీలో వెళ్ళింది, డాక్టరు ముందు చొక్కా చెయ్యి పైకి మడిచింది. "మా అమ్మ రాలేకపోయింది, కాస్త పనిలో ఉంది" అంది.

చీకట్లో కెస్లర్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మన వైపు నుంచి చిన్న సడి కూడా లేదు. తాళం గట్టిగానే ఉంది.

ఆమె తొందరపడలేదు. ఆ ముసలమ్మ యాసలో మాట్లాడింది, డాక్టరు గొంతులో మాట్లాడింది. మెల్లగా ప్రోగ్రాముల్లోకి దిగింది. అంకెల వెనక ఒక్కొక్క మనిషిని నిలబెట్టింది. పింఛను ఆగిపోయే వితంతువు, పాలసీ మాయమయ్యే రైతు. ఈ అంతస్తులోని కుర్రాళ్ళు ఆ లోపాలను ఎలా వెతికి పట్టుకున్నారో వేట కథలా చెప్పింది. నడుస్తున్నప్పుడు కాళ్ళు గుర్తుండనట్టే, తను ఏ భాషలో ఉందో ఆమెకే గుర్తులేదు. గుర్తు లేదన్న సంగతి తట్టినప్పుడు లోపల నవ్వుకుంది. అవతలివాడికీ గుర్తుండదు.

చివర మళ్ళీ లోరెంజ్ దగ్గరికి వచ్చింది. "బయటికొస్తూ ఆవిడ నాతో అంది. 'వాళ్ళు నన్ను చిన్నపిల్ల అనుకోవడం తప్పు కాదు. నన్నొక్కసారి చూసి ఉంటే బాగుండేది.' మేము చూస్తాం."

అంతే. థాంక్స్ అనలేదు. తల వంచలేదు. తెర మీద బొమ్మ మార్చలేదు. గొంతులో ముగింపు అన్న గుర్తే లేదు. మాటలు అర్థమైనవాడికి తప్ప, అయిపోయిందని ఎవరికీ తెలియదు.

జర్మన్ల చేతులు ఒళ్ళో ఉన్నాయి, ఆమె అడిగినట్టే.

టక్. టక్. టక్.

చీకట్లో బల్ల అవతలి కొస నుంచి. పొడి చెక్క మీద వేళ్ళ కణుపులు. నాలుగో దెబ్బ మోగకముందే ఆగిపోయింది.

"ఏంది, తలుపెవరు కొడ్తున్నరు?" రంగనాథ్ లేచి తలుపు తీశాడు. బయట ఎవరూ లేరు. "ఎవ్వరు లేరు సార్."

"లైట్ వెయ్యండి సార్," అంది దీవెన.

వెలుగొచ్చింది. బ్రాంట్ చేతులు ఒళ్ళో. కెస్లర్ చేతులు ఒళ్ళో. పార్థసారథి రెండు చేతులూ గడ్డం కింద. రంగనాథ్ చెయ్యి స్విచ్చు మీద. బల్ల కొసన ఒక పిడికిలి మాత్రం కణుపులు చెక్కకి ఆనించి అలాగే ఉంది. దాన్ని వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నది దాని యజమానికి తేలడం లేదు.

"ఏమిటమ్మా ఇది?" పార్థసారథి అడిగాడు. "నీ ప్రసంగం అయిందా, ఉందా?"

"చూశారా సార్, అయిందో లేదో మీకు తెలీలేదు. రంగనాథ్ సార్‌కీ తెలీలేదు." దీవెన మెడలో కార్డు సరిచేసుకుంది. "జర్మనీలో చదివినవాళ్ళు ప్రసంగం నచ్చితే చప్పట్లు కొట్టరు సార్, ఇట్ల బల్ల మీద కొడతారు. వీళ్ళిద్దరినీ కొట్టొద్దని నేనే అడిగాను. కాబట్టి చూసి నేర్చుకుని కొట్టారనడానికి లేదు. నేను ఎప్పుడు ఆపానో తెలిసినవాళ్ళే కొట్టాలి. మాట దాచుకోవచ్చు సార్. ముఖం దాచుకోవచ్చు. భాష నిజంగా వచ్చినాక చేతికి చెప్పలేం, నీకు రాదు అని."

బ్రాంట్ ముందుకి వంగి, ఆ పిడికిలి వైపు చూస్తూ, ఆప్యాయంగా జర్మన్‌లో అడిగింది. "ఏ ఊళ్ళో చదివారు?"

ఆ మనిషి దీవెన వైపు చూశాడు, అనువదించమన్నట్టు. దీవెన పెదవి విప్పలేదు. అతని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"అరె, ఎవరమ్మా? జర నోరు తెరిచి చెప్పు!" రంగనాథ్ ఆగలేకపోయాడు. "పొద్దుగాల్నుంచి నిన్ను అన్నందుకు నా తల తిరుగుతున్నది. పేరు చెప్పు."

దీవెన అందరికీ వినపడేలా, ఆ మనిషి తనను పిలిచే మర్యాదతోనే చెప్పింది.

"ఉదయ్ భాస్కర్ గారు."