కట్టెల లైను

బాలప్పకు మొదట దొరికింది ఒక దూలం. మదనపల్లెలో మగ్గాలకూ, పట్టుదారం తీసే మిషన్లకూ రిపేర్లు చేయడం అతని పని. 1977 ఎండాకాలంలో నీళ్ల మోటారు చూడ్డానికి పుంగనూరు వెళ్లాడు. ఆ ఇంటి పశువుల కొట్టంలోకి వంగి దూరుతుంటే, పైకప్పును మోస్తున్న ఇనుప దూలం కంటబడింది. అది రైలు పట్టా. కానీ మూడు అంగుళాల ఎత్తు కూడా లేదు.

"ఇది యాడిదప్పా?" అని ఇంటాయన గోవిందప్పను అడిగాడు.

"మా నాయన కుప్పం నుంచి తెచ్చినాడు. ఆడ అడివిలో కట్టెల లైను ఉండేదంట. అది నిలిచిపోయినాక పట్టాలు పీకి ఏలం ఏసినారంట."

అంతకు మించి గోవిందప్పకు తెలియదు. బాలప్ప మోటారు బాగుచేసి బస్సెక్కాడు గానీ మనసంతా ఆ పట్టా మీదే ఉంది. అంత చిన్న పట్టా మీద నడిచిన రైలు ఎలా ఉండేది?

ఆ తర్వాత ప్రతి రెండో ఆదివారం తెల్లవారుజాము బస్సుకు బయలుదేరి, పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేవాడు. "ఉండే రైళ్లు సాలక లేని రైలు కోసం తిరగతా ఉండావు" అంటూనే భార్య వెంకటమ్మ సద్ది కట్టి ఇచ్చేది. మొదటిసారి అడవిలో టేపు పట్టుకుని కొలుస్తుంటే ఫారెస్టు గార్డు దొరస్వామి గంధపుచెక్క దొంగనుకుని పట్టుకున్నాడు. సంగతి తెలిశాక తనే వెంట తిరగడం మొదలుపెట్టాడు.

లైను కాగితాలన్నీ చెదలు తినేశాయి. ఫారెస్టు ఆఫీసులో ఒక్క మ్యాపు మిగిలింది. కుప్పం స్టేషను నుంచి కొండ పాదం దాకా ఎర్రగీత వంకర్లు తిరుగుతూ వెళ్లి, అక్కణ్ణుంచి శిఖరానికి సూటిగా ఎక్కింది. బాలప్ప ఆ గీత వెంటే నడిచాడు. పుచ్చిపోయిన స్లీపర్లలో మేకుల గుంతలు కొలిచాడు. పట్టాకూ పట్టాకూ మధ్య రెండడుగులు. కొండ సగంలో ఒకచోట దారి ఉన్నట్టుండి రెండింతలు వెడల్పయి, కాస్త దూరంలో మళ్లీ సన్నబడింది. "స్టేషన్ కావచ్చు" అని నోటుబుక్కులో రాసుకున్నాడు.

షాపు వెనక గోడ వెంబడి పదహారడుగుల బల్ల వేసి, అడుగుకు పావు అంగుళం లెక్కన ఆ లైనులో కొండెక్కే భాగం కట్టసాగాడు. బంకమట్టి, గోనెపట్టలతో కొండ. వెదురు చీల్చి స్లీపర్లు. పాత గడియారం స్ప్రింగుతో ఇంజను చేశాడు. ఇంజను ఎలా ఉండేదో చెప్పినవాళ్లు లేరు కాబట్టి ఊహించి చేశాడు.

అది కొండ ఎక్కలేదు. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. సీసం పెట్టి బరువు పెంచితే వెనక్కి జారింది. కొలత తప్పిందేమోనని మూడుసార్లు కుప్పం వెళ్లి మళ్లీ కొలిచాడు. నాలుగడుగులకు ఒక అడుగు ఎక్కుడు. కొలత తప్పలేదు.

1979లో దొరస్వామి ఒక మాట చెప్పాడు. "కొండకింద పల్లెలో సిద్ధమ్మ అని ఒక ముసలామె ఉండాది. వయసులో ఆ లైను మీద కూలి చేసిందంట. అడిగి సూద్దామా?"

సిద్ధమ్మ ఇంటిముందు చింతకాయలు కొడుతోంది. డెబ్బై దాటిన మనిషి.

"అవ్వా, ఆ కొండెక్కిన ఇంజను ఎట్లుండేది?" అని బాలప్ప అడిగాడు.

ఆమె చెయ్యి ఆగింది. "ఇంజనా? యాడి ఇంజనప్పా?"

"కట్టెలు దించిన ఇంజను."

"ఇంజనూ లేదు, గింజనూ లేదు. కింద సదరం నేలలో ఎద్దులు లాగేవి. పైన లాగింది కొండే." అతని ముఖం చూసి లేచి నిలబడింది. "సెప్తే నీకు తెలీదు. రా, సూపిస్తా."

లంటానా కంపల్లోంచి దారి చేసుకుంటూ ఆమె ముందు నడిచింది. ఇద్దరు మగవాళ్లూ రొప్పుతూ వెనక పడ్డారు. శిఖరం దగ్గర కంపను కట్టెతో పక్కకు తోసి ఆమె నిలబడింది.

రాతితో కట్టిన గుంతలో సగం దిగి ఒక ఇనుప చక్రం ఉంది. గుంత అడుగు నుంచి ఇద్దరు మనుషులు ఒకరిమీద ఒకరు నిలబడినా అందనంత ఎత్తు. దాని చువ్వల మధ్య నుంచి ఒక మద్దిచెట్టు పెరిగి పైకి వెళ్లిపోయింది. రెండేళ్లు ఈ కొండ మీద తిరిగి, ఇరవై గజాల దూరంలో కంపల్లో ఉన్న దీన్ని చూడలేదు. బాలప్ప చెప్పులు విడిచాడు. ఎందుకు విడిచాడో అతనికే తెలియదు. అంచు మీద చెయ్యి పెట్టాడు. తాడు రాసి రాసి ఇనుములో పడిన గాడి అరచేతికి నున్నగా తగిలింది.

"మణికట్టంత ఉక్కుతాడు," అంది సిద్ధమ్మ. "ఈ కొసకు మొద్దుల బండి, ఆ కొసకు కింద ఉండే వట్టి బండి. మొద్దులు దిగతా ఉంటే వట్టిది ఎక్కతా వచ్చేది. చక్రాన్ని అదిమిపెట్టేదానికి ఇరుపక్కలా కొయ్యలుండేవి. కొయ్య కాలి పొగలొచ్చేది. నేనూ మా అత్తా కడవలతో నీళ్లు పోసేవాళ్లం. ఎనిమిదేండ్లు పోసినాను."

"రెండు బండ్లూ ఒకే పట్టా మీదా? ఎదురెదురు తగలవా?"

"నడిమధ్యలో జోడు పట్టాలుండేవి కదా! ఆడ ఒకదాన్నొకటి తప్పుకునేవంట."

బాలప్ప గుంత అంచున కూర్చుండిపోయాడు. అతను స్టేషను అని రాసుకున్నది ఆ చోటే. బొగ్గు లేదు, ఆవిరి లేదు. పడిపోయే బరువును పట్టుకుని దానితోనే పని చేయించుకున్నారు. చక్రం వైపు తలెత్తి అడిగాడు, "దీన్ని యాల ఇడిసిపెట్టినారవ్వా?"

"కొండ మీద మొద్దులు అయిపాయ. దీన్ని దించల్లంటే ఇట్లాంటిది ఇంకోటి కావల్ల కదా," అని ఆమె నవ్వింది.

ఇంటికి వచ్చి ఇంజను తీసేశాడు. సగం కొండ విప్పి మళ్లీ కట్టడానికి ఏడాదిన్నర పట్టింది. జోడు పట్టాల దగ్గర బండ్లు తప్పుకునేలా చేయడానికే మూడు నెలలు. తాడుకు పట్టుదారం పేనాడు.

1981 చలికాలంలో దొరస్వామి సిద్ధమ్మను బస్సులో మదనపల్లెకు తీసుకువచ్చాడు. వెంకటమ్మ ఆమెకు కాఫీ ఇచ్చి బల్ల ముందు స్టూలు వేసింది. బాలప్ప పై బండిలో మొద్దులకు బదులు యేపి చెట్టు పుల్లలు పేర్చి, బ్రేకు కొయ్య మెల్లగా వదిలాడు.

మొద్దుల బండి కదిలింది. కింద వట్టి బండి తనంతట తాను ఎక్కసాగింది. నడిమధ్యలో రెండూ చెరో పట్టా పట్టుకుని, ఒకదాని పక్కనొకటి తాకకుండా దాటాయి. బరువు బండి కొండ పాదం చేరేసరికి వట్టి బండి శిఖరం మీద ఆగింది.

సిద్ధమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సరిగ్గుండాదా అవ్వా?" అన్నాడు బాలప్ప భయంభయంగా.

"నాకేం తెలుసప్పా? ఎనిమిదేండ్లూ గుంతలోనే ఉంటిని. పొగ, నీళ్లు, తాడు. మేం పోసే నీళ్లతో కింద ఇట్లా జరగతా ఉండేది ఎప్పుడూ సూడలేదు." స్టూలు ముందుకు జరుపుకుని, గడ్డం బల్ల అంచుకు ఆనించి పట్టాల వరసనే చూసింది. "ఇంగోసారి ఇడువు. మెల్లగా ఇడువు."

బాలప్ప బండ్లను మళ్లీ వాటి చోట్ల పెట్టాడు.