తుడవని నీళ్లు

బల్ల మీద నీళ్లు ఒలికాయి. టీచరు కదల్లేదు. ఆ బళ్లో కదలకుండా ఉండటమే ఆమె ఉద్యోగం. రెండు పిలకల పిల్ల, నాలుగేళ్లది, ఒలికిన నీళ్లని కాసేపు తేరిపార చూసి, తనే వెళ్లి స్పాంజి తెచ్చుకుని, తుడిచి, పిండి, మళ్లీ జగ్గు ఎత్తింది. అక్కడ ఎవరూ అరవరు. ఎవరికి ఏ పని కావాలో వాళ్లే అలమర్లోంచి తీసుకుంటారు. టీచరు చిన్న పీట మీద కూర్చుని చూస్తుంది, నోట్‌బుక్కులో రాస్తుంది, అంతే. ఈ పిలకల పిల్ల ఒక్క బొత్తాం పెట్టుకోడానికి ఆరు నిమిషాలు పడితే, ఆ ఆరు నిమిషాలూ ఊపిరి బిగబట్టి చూసిన మనిషి ఆమె.

సొంత కూతురికి మాత్రం ఆ మనిషి ఏనాడూ దొరకలేదు. పొద్దున్నే వంట, మూడు డబ్బాలు, మామగారి మాత్రలు, మొగుడి చొక్కా ఇస్త్రీ, ఇవన్నీ అయ్యేసరికి వీధిలో వ్యాను హారన్! పిల్ల చేతులు యూనిఫాంలోకి కుక్కేసి, బూట్లు తొడిగేసి, "పక్కకి జరుగు, టైం లేదు" అంటూ పుస్తకాల సంచీ తనే సర్దేస్తుంది. "నీ బళ్లో వేస్తే ఏం నేర్చుకుంటుంది, నీళ్లు ఒంపుకోడమా?" అని మొగుడు నవ్వాడప్పట్లో. "ఫీజు కట్టించుకుని మరీ ఆడుకోమంటారటమ్మా, విడ్డూరం!" అని అత్తగారు. దాంతో పిల్ల పెద్ద బడికి వెళ్లింది. వరసలు, పలకలు, నోటి మీద వేలు. ఆమె వాదించలేదు. వాదించే ఓపికుంటే ఆ ఓపికతో గిన్నెలన్నా తోముకోవచ్చనిపించింది.

ఇవాళ పెద్ద బడికి సెలవు. ఇంట్లో చూసుకునే తీరిక ఎవరికీ లేదు, కూతుర్ని తన బడికి వెంట తెచ్చుకుంది.

"నీకేది నచ్చితే అది తీసుకో తల్లీ."

పిల్ల అలమర ముందు చేతులు కట్టుకుని పావుగంట నిలబడింది. "ఏది తీసుకుంటే తిట్టవమ్మా?"

"ఏదైనా. ఇక్కడెవరూ తిట్టరు."

"మరి ఏదో నువ్వే చెప్పు."

చూసీ చూసీ పిలకల పిల్లకే విసుగొచ్చింది. "రావే, నీళ్లు పోసుకుందాం" అని లాక్కెళ్లింది. కూతురు ఎత్తిన జగ్గు పక్కకి ఒరిగి నీళ్లు ఒలికాయి. పిల్ల చటుక్కున రెండు అరచేతులూ ముందుకి చాపి కళ్లు మూసుకుంది.

"సారీ మేడమ్," అంది కన్నతల్లితో.

అప్పుడైనా ఆమె పీట మీంచి లేవకుండా ఉండాల్సింది. లేచింది. ఎప్పుడు లాక్కుందో స్పాంజి చేతిలో ఉంది, బల్ల బరబరా తుడిచేస్తోంది, "పక్కకి జరుగు, టైం లేదు!"

"టీచర్," అంది పిలకల పిల్ల, "అది తన పని కదా! టైం ఉందిగా బోల్డంత."

ఆమె స్పాంజిని మెల్లగా కూతురి ముందు పెట్టింది. పిల్ల ముట్టుకోలేదు. తల్లి ముఖం చూస్తూ ఒక అడుగు పక్కకి జరిగింది. చేతులు చాపడం పెద్ద బడి నేర్పింది. ఈ జరగడం ఎవరు నేర్పారో ఆమెకి బాగా తెలుసు.

బడి వదిలాక నోట్‌బుక్కు తెరిచింది. 'తనంతట తాను ఎంచుకున్న పని' అన్న గడిలో కూతురి పేరుకెదురుగా ఏమీ రాయలేకపోయింది. ఫోన్లో ఆయన మెసేజ్: 'నలుగురొస్తున్నారు, త్వరగా వచ్చి వంట చూడు.' కింద ఇంకో వరస గీసి తన పేరు రాసుకుంది. పెన్ను పట్టుకుని ఆ ఖాళీ గడి ముందు పావుగంట కూర్చుంది, అలమర ముందు పిల్ల నిలబడ్డట్టే.